నీళ్ళ కింద కత్తెర

ఫోను వచ్చినప్పుడు నేను కల్లంలో ఉన్నాను. ఎండబోసిన మిరపకాయల్ని కాలితో తిరగేస్తున్నాను. చీమకుర్తి వైపు నుంచి ఎస్సై గారు. గ్రానైటు తవ్వి వదిలేసిన గుంటలో ఒక అమ్మాయి పడిపోయిందనీ, ఈతగాళ్ళు దిగి చూసినా అందలేదనీ, వెంటనే బయల్దేరమనీ చెప్పారు. సరేనండి అన్నాను. నీళ్ళు ఎంత లోతుంటాయని అడిగాను. అడుగున ఏమేం పడున్నాయని అడిగాను. అమ్మాయి ఎవరని అడగలేదు. అడగాలని తోచలేదు.

మిరపకాయలు తాకిన చేతులతో డైవింగు సామాను ముట్టుకోకూడదు. ఒకసారి తెలియక అలాగే కళ్ళద్దాల మాస్కు సర్దుకుని నీళ్ళలోకి దిగాను. కాసేపటికి కళ్ళలో మంట మొదలైంది. నీళ్ళ కింద కళ్ళు నలుపుకోవడానికి ఉండదు. అప్పటినుంచీ సబ్బుతో ఒకసారి, కొబ్బరినూనె రాసి మళ్ళీ సబ్బుతో ఇంకోసారి కడుక్కుంటాను. ఆ రోజూ అలాగే కడుక్కున్నాను. మా ఆవిడ పక్కనే చెంబుతో నీళ్ళు పోస్తూ, "పంపు మోటారా, మనిషా?" అని అడిగింది.

"మనిషే."

ఆమె చెంబు బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది.

మాది అద్దంకి దగ్గర నల్లరేగడి పల్లెటూరు. సముద్రానికీ మాకూ సంబంధం లేదు. వయసులో ఉండగా విశాఖ హార్బరులో ఓడల కింద పనిచేసే ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాను. ఓడ ఫ్యాన్లకు చుట్టుకున్న తాళ్ళు కోయడం, అడుగున పట్టిన నత్తల్నీ నాచునూ గీకడం మా పని. నాన్న పోయాక పొలం చూసే మనిషి లేక వచ్చేశాను. గాలి సిలిండర్లు, నోట్లో పెట్టుకునే రెగ్యులేటరు, సిలిండర్లు నింపే చిన్న కంప్రెసరు వెంట తెచ్చుకున్నాను. అవి ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. అయితే చీమకుర్తి క్వారీలలో నీళ్ళు తోడే మోటార్లు తరచూ తాడు తెగి గుంటల్లో పడిపోతుంటాయి. ఎవరో చెబితే ఒక మోటారు తీసిపెట్టాను. అప్పటినుంచి పిలుస్తూనే ఉన్నారు. మోటార్లు తీసేవాడు మనుషుల్నీ తీయగలడని తర్వాత వాళ్ళకు తోచింది.

మొదటిసారి ఒక మనిషిని తీసిన రోజు నేను అన్నం తినలేకపోయాను. నీళ్ళు తాగుతున్నా ఆ గుంట వాసన వచ్చేది. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. ఎప్పుడో ఆ వాసన రావడం మానేసింది. ఎప్పుడు మానేసిందో గమనించలేదు. అది మంచికే అనుకున్నాను. పని చేసేవాడికి చెయ్యి వణక్కూడదు కదా.

నాతో ఎప్పుడూ మా బావమరిది వస్తాడు. మా ఆవిడ తమ్ముడు. అతను నీళ్ళలోకి దిగడు. ఒడ్డున తాడు పట్టుకుంటాడు. నా నడుముకు కట్టిన తాడు ఒకసారి లాగితే బాగున్నానని, రెండుసార్లు లాగితే పైకి తియ్యమని, అదే పనిగా లాగితే ఏదో జరిగిందని. మా ఇద్దరి మధ్యా నీళ్ళలో ఉన్న భాష అంతే. ఒడ్డున అతను చాలా మాట్లాడతాడు. ఆ రోజు ట్రాలీ ఆటోలో సామాను వేసుకుని వెళ్తుంటే దారిపొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. నేను ఒళ్ళో పెట్టె తెరిచి కత్తులు చూసుకుంటున్నాను.

ఈ కత్తుల సంగతి కొంచెం చెప్పాలి. చాలామంది డైవరు కత్తి అనగానే పోట్లాటకి అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. హార్బరులో చేరిన కొత్తలో మొదటి జీతంతో ఒక పెద్ద కత్తి కొన్నాను. మొన తేలి, నల్లటి పిడితో, పిక్కకు కట్టుకునే పట్టీలతో చూడ్డానికి ఎంతో బాగుండేది. మాకు పని నేర్పే మేస్త్రి ఒక ముసలాయన. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీంతో ఎవర్ని పొడుస్తావురా? సొరచేపనా?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"ఒరేయ్ అబ్బాయ్, కత్తి ఉండేది నీ కోసం. నువ్వు ఇరుక్కుంటే బయటపడ్డానికి. మొన ఎందుకు? చీకట్లో నీ గాలిగొట్టానికే పొడుచుకుంటావు. కాలికి ఎందుకు? వలలో ఒంగలేకపోతే కాలిదాకా ఏ చెయ్యి పోతుంది?"

ఆయన నా కళ్ళకు తువ్వాలు కట్టి, చేతులకు గ్లవ్సులు తొడిగి, కుడి చేతిని వీపు వెనక్కి పట్టుకుని, "ఇప్పుడు తియ్యి" అన్నాడు. తీయలేకపోయాను. ఆ కత్తిని ఇంటికి తెచ్చేశాను. ఇప్పటికీ మా ఇంట్లో కొబ్బరికాయ పీచు వలవడానికి అదే.

ఆ తర్వాత నేను పెట్టుకున్నవి మూడు. మొన లేని పొట్టి కత్తి, ఒక అంచు నున్నగా, ఇంకో అంచుకు రంపపు పళ్ళు. నైలాను తాడుకు పళ్ళు కావాలి, సన్న దారానికి నున్నటి అంచు కావాలి. అది ఎడమ భుజం పట్టీకి తలకిందులుగా ఉంటుంది, ఏ చేత్తోనైనా తీయొచ్చు. రెండోది కొక్కెం లాంటి చిన్న కట్టరు. దాని సందులో బ్లేడు దాక్కుని ఉంటుంది, వేలు పట్టదు గానీ వల దారం పడుతుంది. దారాన్ని సందులోకి లాగితే తెగిపోతుంది. మూడోది కత్తెర. ఆసుపత్రుల్లో దెబ్బలు తగిలినవాళ్ళ బట్టలు కోయడానికి వాడతారే, వంకర మూతి కత్తెర, అది. గుంటూరులో సర్జికల్ సామాను అమ్మే కొట్లో కొన్నాను. చూడ్డానికి ఏమీ ఉండదు. నిజానికి అన్నిటికంటే ఎక్కువ కోసేది అదే. కత్తితో కోయాలంటే దారాన్ని లాగి పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి. కత్తెరకి ఒక చెయ్యి చాలు.

ఉక్కు విషయంలో ఒక పేచీ ఉంది. తుప్పు పట్టని ఉక్కు పదును ఎక్కువకాలం నిలుపుకోదు. పదును నిలుపుకునే ఉక్కు తుప్పు పడుతుంది. టైటానియం అయితే తుప్పు మాటే లేదంటారు కానీ దాని అంచు నా పనికి ఆగలేదు. నేను తుప్పు పట్టేదే ఎంచుకున్నాను. తుప్పును కడుక్కోవచ్చు. తెగకపోతే నీళ్ళ కింద చేసేదేమీ ఉండదు. కాబట్టి ప్రతిసారీ వచ్చాక ఒరలోంచి తీసి మంచినీళ్ళలో కడిగి, నీడన ఆరబెట్టి, కుట్టుమిషను నూనె పలచగా రాయాలి. క్వారీ గుంటల్లో ఉప్పు లేదు కదా అనుకుంటాం. కానీ రాతి పిండి ఉంటుంది. అది ఒర లోపల పేరుకుంటే కత్తిని తీసిన ప్రతిసారీ, పెట్టిన ప్రతిసారీ అంచును అరగదీస్తుంది.

ఆ రోజు మూడూ బాగానే ఉన్నాయి. కత్తి అంచును గోరు మీద పెట్టి చూశాను, జారలేదు. పెట్టె మూశాను.

గుంట పెద్దది. మెట్లు మెట్లుగా కోసిన నల్లరాతి గోడలు, మధ్యలో పచ్చటి నీళ్ళు. ఒక పక్క రాయి చదునుగా నీళ్ళలోకి దిగుతుంది. అక్కడ బట్టల మూట విప్పి ఉంది. సబ్బు ముక్క, ప్లాస్టిక్ బకెట్టు, షాంపూ పొట్లం. దగ్గర్లో కటింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్ళు అక్కడ బట్టలు ఉతుక్కుంటారట. ఆ అమ్మాయి బట్టలు ఉతికి, తలంటుకుని, జుట్టు జాడించుకోవడానికి ఒంగినప్పుడు కాలు జారింది. పక్కన ఉతుకుతున్న ఆవిడ చూసింది, కేకలు పెట్టింది.

జనం గోడల మీద కూర్చుని ఉన్నారు. ఫైరు వాళ్ళు ఇద్దరు ట్యూబు పట్టుకుని నిలబడ్డారు. ఎస్సై గారు నాకు చోటు చూపించారు. నేను బూట్లు విప్పుతుంటే ఒకామె వచ్చి ఎదురుగా కూర్చుంది. నలభై దాటి ఉంటాయి. గ్రానైటు పలకలకు పాలిషు పట్టేవాళ్ళకు ఉన్నట్టు చేతుల మీద తెల్లటి పొడి ఎండిపోయి ఉంది. ఏడవడం లేదు.

"మా అమ్మాయేనయ్యా" అంది.

నేను తల ఊపాను.

"బతికుంటుందని నేను అనుకోవట్లేదు. పొద్దున అనగా పడింది. ఒక్క మాట చెబుదామని."

"చెప్పమ్మా."

"నువ్వు కత్తులు పట్టుకుని దిగుతున్నావు. దాని జుట్టు మాత్రం కొయ్యొద్దయ్యా."

బావమరిది తాడు సర్దుతున్నవాడు ఆగిపోయాడు.

"మోకాళ్ళ దాకా ఉంటుందయ్యా జుట్టు. చిన్నప్పుడు జొరం వచ్చి పోయేదే. సింగరాయకొండ స్వామికి మొక్కుకున్నా. జుట్టిస్తానని. ఎప్పుడు తీసుకుపోదామన్నా, వచ్చే ఏడు పోదామమ్మా అంటది. ఇంక పెళ్ళికి ముందు ఇద్దామని... దేవుడి సొమ్మయ్యా అది. కొయ్యమాకు."

"చూస్తానమ్మా" అన్నాను.

అంతే అన్నాను. ఆమె నా మొహంలోకి చూస్తూ ఇంకేదో వింటానన్నట్టు కూర్చుంది. నేను సిలిండరులో గాలి ఎంతుందో చూపే ముల్లు చూసుకుని దిగాను.

మొదటి సిలిండరు వెతకడానికే అయిపోయింది. పైన కనిపించే పచ్చదనం ఒక నిలువు దాటితే ఉండదు. కిందకు పోయేకొద్దీ నీళ్ళు చల్లబడతాయి, రాతి పిండి పొగలా లేస్తుంది. జారిన చోటు కిందే ఉంటుందని వెతికాను. లేదు. గోడ వెంట పక్కకు పోయాను. చేత్తో తడుముకుంటూ పాత డ్రమ్ములు, టైర్లు, క్రేను నుంచి పడిన ఇనప ముక్కలు దాటాను. గాలి అయిపోవస్తుంటే పైకొచ్చాను. మాస్కు తీసి రెండో సిలిండరు తగిలించమన్నాను. నా దగ్గర నింపి ఉన్నవి ఆ రెండే.

"ఇంకా పొద్దు ఎంతో లేదు బావా. రేపు చూద్దామా?" అన్నాడు బావమరిది మెల్లగా.

తల్లి అక్కడే కూర్చుని ఉంది. వింటూ ఉంది.

"ఇప్పుడే పోతాను" అన్నాను.

రెండోసారి గోడకు కొంచెం దూరంగా దిగాను. ఐదారు నిలువుల లోతున చేతికి వల తగిలింది. ఎవరో ఈ గుంటలో చేపలు వేసి పెంచుతున్నట్టుంది. తంగూసు వల, నీళ్ళలో కంటికి కనపడని సన్నటి దారాలది. వల రాతి అంచుకు తగులుకుని పరదాలా వేలాడుతోంది. లైటు దగ్గరగా పెట్టి వల వెంట పోయాను. అక్కడ ఉంది అమ్మాయి.

నిలబడినట్టు ఉంది. కాళ్ళు కిందికి వేలాడుతున్నాయి, తల ఒక పక్కకు వంగి ఉంది. పసుప్పచ్చ పంజాబీ డ్రెస్సు. నేను మొహం మీద లైటు వేయలేదు. దయ వల్ల కాదు. నా పని జుట్టు దగ్గర ఉంది కాబట్టి జుట్టు మీద వేశాను.

జుట్టు అంతా వలలో ఉంది. వాళ్ళమ్మ చెప్పింది నిజమే. అంత జుట్టు నేను ఎక్కడా చూడలేదు. నీళ్ళలో నల్లటి మేఘంలా విచ్చుకుని, ఆ తర్వాత పాయలు పాయలుగా వల కన్నుల్లోకి దూరి, మెలిపడిపోయి ఉంది.

కొక్కెం కట్టరు తీసి వలను కోయడం మొదలుపెట్టాను. ఒక్కో దారం సందులోకి తీసుకుని లాగడం, తెగడం. జుట్టు సందులోకి రాకుండా ఎడమ చేత్తో అడ్డం పెట్టుకోవాలి. గ్లవ్సు ఉంటే జుట్టేదో తంగూసేదో తెలియడం లేదు. గ్లవ్సు తీసేశాను. తడిమితే తంగూసు గట్టిగా ఉంటుంది, జుట్టు జారుతుంది. చలికి వేళ్ళు మొద్దుబారాక ఆ తేడా కూడా పోయింది. అప్పుడు లైటును భుజం పట్టీకి తగిలించుకుని కళ్ళతో చూస్తూ కోశాను. వల పై అంచుకు కట్టిన తాడు అడ్డొస్తే పొట్టి కత్తి రంపపు అంచుతో కోశాను. వల ముక్కలు ముక్కలుగా విడిపోయింది. అమ్మాయి కొంచెం కిందికి జారింది. అయిపోయిందనుకున్నాను. నడుము పట్టుకుని లాగాను. రాలేదు.

జుట్టు చివరలు ఇంకా ఎక్కడో పట్టుకుని ఉన్నాయి. వాటి వెంట చెయ్యి పోనిచ్చాను. వల వెనక రాతి అంచు మీదనుంచి ఒక ఇనప రోపు దిగి ఉంది. క్రేనుతో రాళ్ళు ఎత్తే రకం, బొటనవేలంత లావు. పాతబడి దాని పోగులు తెగి ముళ్ళలా లేచి ఉన్నాయి. పాయలు ఆ ముళ్ళకు పట్టుకుని, రోపు చుట్టూ తిరిగి, పీటముడిలా బిగుసుకుపోయాయి.

నా దగ్గరున్నవేవీ ఆ రోపును కోయలేవు. కత్తితో కాదు, కత్తెరతో కాదు. విడదీయడానికి చూశాను. ఒక పాయ విడిపించాను. ఇంకో పాయ విడిపించాను. ఇనప ముళ్ళు వేళ్ళలో దిగుతుంటే నొప్పి తెలియలేదు, ఆ లోతున ఎరుపు తెలియదు కాబట్టి రక్తం పచ్చగా కనిపించింది, అంతే. గాలి ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చింది. పైనుంచి బావమరిది తాడు ఒకసారి లాగాడు. నేను ఒకసారి లాగాను, బాగున్నానని.

అప్పుడు నేను ఏమనుకున్నానో చాలామంది అడిగారు. నేను లెక్క వేసుకున్నాను. ఇంకా విడదీస్తూ ఉంటే గాలి అయిపోతుంది. వదిలేసి పైకి పోతే సిలిండర్లు ఇంటికి తీసుకెళ్ళి నింపుకుని రేపు రావాలి. వల తెగింది కాబట్టి ఈ అమ్మాయి రాత్రంతా ఆ రోపుకు జుట్టుతో వేలాడుతుంది. తల్లి ఒడ్డునే కూర్చుంటుంది. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. కత్తెర తీశాను.

తలకు వీలైనంత దూరంగా, ఇనప రోపుకు దగ్గరగా కోశాను. తడి జుట్టు కత్తెరలో జారుతుంది, కొంచెం కొంచెంగా పట్టుకుని కోయాలి. తెగుతున్నప్పుడు చప్పుడు నీళ్ళలో కూడా వినిపించింది, ఇసుక నమిలినట్టు. అమ్మాయి నా చేతిలోకి వచ్చింది. రోపు మీద మిగిలిన జుట్టులో అవతలి పక్క చివరలు వదులుగా ఉన్నాయి. గాలి ఉన్నంతలో వాటిని లాగి, రానివాటిని కోసి, గుప్పెడు తీసి నడుముకున్న జాలీ సంచిలో పెట్టాను. తాడు రెండుసార్లు లాగాను.

ఒడ్డున ఏడుపులు మొదలయ్యాయి. ఫైరు వాళ్ళు అమ్మాయిని అందుకుని రాతి మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. తల్లి దుప్పటి కొంచెం తీసి మొహం చూసింది. తల కింద చెయ్యి పెట్టి జుట్టును బయటికి తీసింది. నడుము దాకా ఉంది. అక్కడ వంకరటింకరగా ఆగిపోయింది.

నేను సిలిండరు దించకుండానే ఆమె దగ్గరికి వెళ్ళాను.

"కొయ్యాల్సొచ్చిందమ్మా. వల కోశాను గానీ, వెనకాల ఇనప రోపుకు పట్టుకుపోయింది. అది తెగలేదు."

సంచిలోంచి ఆ గుప్పెడు తీసి ఇచ్చాను. ఆమె రెండు చేతులతో అందుకుంది. నీళ్ళు పిండింది, తలంటాక పిల్లకు పిండినట్టు. కొంగు చివర పెట్టి ముడి వేసుకుంది.

బావమరిది తాడు చుట్టుకుంటూ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఎవరో నాకు టీ ఇచ్చారు. తాగాను. వేడిగా ఉంది. చక్కెర ఎక్కువైంది. వేళ్ళలో దిగిన ఇనప పోగుల్ని లాగేసుకుని, కాగితాల మీద ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టి వచ్చేశాను.

మర్నాడు పొద్దున సామాను కడుక్కోవడానికి కూర్చున్నాను. కత్తి మీద పళ్ళలో నైలాను పీచు ఇరుక్కుంది, పాత టూత్ బ్రష్‌తో రుద్దాను. కొక్కెం కట్టరులో బ్లేడు మార్చాను, తంగూసు కోశాక దాన్ని నమ్మలేం. కత్తెర తెరిచి చూస్తే రివిట్టు దగ్గర వెంట్రుకలు పట్టుకుని ఉన్నాయి. ఊది చూశాను, రాలేదు. బ్రష్‌తో రాలేదు. సూది తెచ్చి ఒక్కొక్కటీ లాగాను. పొడుగ్గా వచ్చాయి. లాగుతుంటే వస్తూనే ఉన్నాయి.

అన్నీ బయటికి వచ్చాక వాటిని ఎక్కడ పడేయాలో తెలియలేదు. కడిగిన నీళ్ళతో మురుక్కాలవలోకి పంపించొచ్చు. చెత్తలో వేయొచ్చు. అవి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నట్టున్నాను. మా ఆవిడ వచ్చి చూసింది.

"ఏంటండీ అది?"

చెప్పాను. మొక్కు సంగతి, రోపు సంగతి, అన్నీ. మోటారు ఎలా తీశానో చెప్పినట్టే చెప్పాను. ఆమె నా చేతిలోంచి ఆ వెంట్రుకల్ని తీసుకుని వేలికి చుట్టి, ఒక శుభ్రమైన గుడ్డలో పెట్టింది. తర్వాత మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఎవరో తెలియని అమ్మాయి కోసం చాలాసేపు ఏడ్చింది. నేను కత్తెరకి నూనె రాస్తూ చూస్తున్నాను.

"మీకసలు ఏమీ అనిపించదా?" అంది చివరికి.

కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది. నేనూ నిజంగానే ఆలోచించాను. చెయ్యి నిప్పు మీద పెడితే కాలుతుంది. ఆకలి వేస్తుంది. మా అమ్మాయికి జ్వరం వస్తే ఆసుపత్రికి పరిగెడతాను. కానీ ఆమె అడిగింది వాటి గురించి కాదు.

"తెలియడం లేదు" అన్నాను.

మా అమ్మాయికి అప్పుడు జడ వేసుకునే వయసు. బడికి పోయేముందు వాళ్ళమ్మ దాని తల దువ్వుతుంటే నేను వరండాలో పేపరు చదువుకునేవాణ్ణి. ఆ వారం ఒకరోజు దువ్వెన చిక్కులో పడి అది "అమ్మా!" అని అరిచింది. నేను లేచి బయటికి వెళ్ళిపోయాను. పొలం దాకా వెళ్ళాను. అక్కడ కూలీలు మిరపకాయలు ఏరుతున్నారు. ఎందుకొచ్చానో గుర్తుకు రాక వాళ్ళతో పాటు ఏరాను. చెప్పుకోదగ్గ సంగతేమీ కాదు. కానీ అది ఒక్కటి జరిగింది.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అదే మిరప బస్తాలు, దించాక అక్కడే ఇనప సామాను కొట్లో ఒక వైరు రోపు కట్టరు కొన్నాను. రెండు చేతులతో నొక్కేది, మోచేతి నుంచి వేళ్ళ దాకా ఉంటుంది. నీళ్ళలో వాడే వస్తువు కాదది. పిడి రబ్బరు ఊడదీసి, కీలు దగ్గర గ్రీజు పట్టించి, తాడు కట్టి, పెరట్లో పాత రోపు ముక్క మీద కోసి చూశాను. బొటనవేలంత రోపును ఒక్కసారిగా కోయదు గానీ, కొన్ని పోగులు చొప్పున కొరుకుతుంది. బరువు వల్ల నీళ్ళలో మునగడానికి నడుము బెల్టులో పెట్టుకునే సీసం దిమ్మె ఒకటి తగ్గించాల్సొచ్చింది. వారానికోసారి నూనె రాస్తాను. ఇప్పటిదాకా దాని అవసరం పడలేదు.

ఆమె మా ఇంటికి వచ్చింది ఎండలు ముదిరాక. బావమరిదిని అడిగి అడ్రసు కనుక్కుందట. గుమ్మంలో నిలబడితే నేను పోల్చుకోలేదు. గుండు. గుండు మీద పసుప్పచ్చటి గంధం ఆరిపోయి పొరలు పొరలుగా ఉంది.

"నేనయ్యా, చీమకుర్తి గుంట..."

మా ఆవిడ లోపల్నుంచి వచ్చి చూసి, ఏమీ అడక్కుండా చాప వేసి మజ్జిగ తెచ్చింది. ఆమె తాగి, గ్లాసు పక్కన పెట్టింది.

"సింగరాయకొండకి పోయొస్తున్నా. దాని జుట్టు తీసుకుపోయినా. నేనూ ఇచ్చినా. అక్కడ తల గీసేవాణ్ణి అడిగితే, రెండూ కలిపి ఇస్తే స్వామికి ముడుతుందన్నాడు. నిజమో కాదో." తల నిమురుకుంది. "నీకు చెబుదామని వచ్చినా. నువ్వు మళ్ళా తీసుకొచ్చి ఇచ్చినావు కదా ఆ గుప్పెడు."

మా ఆవిడ లోపలికి వెళ్ళి ఆ గుడ్డ తెచ్చింది. దాచిపెట్టిందని నాకు తెలియదు. ఆ తల్లి విప్పి చూసి, మళ్ళీ మడిచి రవికెలో పెట్టుకుంది.

"అయ్యా, ఆ కత్తెర ఉందా?" అంది.

తెచ్చి ఇచ్చాను. వేళ్ళు దూర్చి తెరిచింది, మూసింది. కొంగు అంచు మీద పెట్టి చూసి, కోయకుండా తీసేసింది.

"పదునుగానే ఉంది" అంది. కత్తెర తిరిగి ఇస్తూ, "ఆ ఇనప రోపు కోసేదేమీ లేదా అయ్యా? ఎక్కడా దొరకదా?"

"అప్పుడు నా దగ్గర లేదమ్మా. తర్వాత కొన్నాను."

"కొన్నావా."

"ఊఁ."

"మంచిది" అంది. ఆ మాటలో నిష్ఠూరం ఏమన్నా ఉందేమోనని నేను వెతికాను. లేదు. కొన్నందుకు మంచిదంది, అంతే.

మా ఆవిడ అన్నం తినకుండా పంపనంది. దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి వేసింది. తింటున్నంతసేపూ ఇద్దరూ మాట్లాడుకున్నారు. వాళ్ళది కనిగిరి అవతల మెట్ట ఊరట. వానలు లేక పొగాకు వదిలేసి పాలిషు పనికి వచ్చారట. పెళ్ళి చూపులకు అమ్మాయిని చూసినవాళ్ళు జుట్టు చూసే ఒప్పుకున్నారట. మా ఆవిడ అడుగుతోంది, ఆమె చెబుతోంది. మధ్యలో ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు, మళ్ళీ పచ్చడిలో కారం గురించి మాట్లాడుకున్నారు. నేను వరండాలో కూర్చుని అన్నీ విన్నాను. అది వాళ్ళకు ఎలా చేతనవుతుందో చూస్తున్నట్టు విన్నాను.

బండి మీద బస్టాండుకు తీసుకెళ్ళాను. ఒంగోలు బస్సు ఆలస్యం. నీడ లేదు. నేను తలమీది తువ్వాలు తీసి ఇస్తే గుండు మీద కప్పుకుంది.

"నీకు పిల్లలా అయ్యా?"

"ఒక అమ్మాయమ్మా."

"జుట్టు బాగా ఉంటదా?"

రోడ్డు అవతల లారీలో పత్తి బోరాలు ఎక్కిస్తుంటే వాళ్ళవైపు చూస్తూ, "ఉంటుంది" అన్నాను. ఆమె తను పనిచేసే యూనిట్లో కొత్త మిషను వచ్చిందనీ, దుమ్ము తక్కువనీ చెప్పింది. నేను ఊఁ కొడుతూ విన్నాను.

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని, తువ్వాలు తీసి కిటికీలోంచి ఇవ్వబోయింది. ఉంచుకోమన్నాను. ఎండ బాగా ఉందన్నాను. సరేనని మళ్ళీ కప్పుకుంది. బస్సు వెళ్ళాక బండి తీసుకుని ఇంటికి వచ్చాను.

"సీటు దొరికిందా ఆవిడకి?" అంది మా ఆవిడ.

"దొరికింది. కిటికీ పక్కన."